రేగుపండుకు సరిహద్దు లేదు

*భోగిపళ్ల నుంచి గొబ్బెమ్మల దాకా.. గీతకు అటూ ఇటూ ఒకటే సంక్రాంతి. ఊరు దాటితే మారేది పేరే.. ఇళ్లలో జారిపోతున్నదీ పేరే!*

భోగి సాయంత్రం. యానాంలో ఓ ఇంటి ముందుగది. పట్టులంగా కట్టిన మూడేళ్ల పాపను పీట మీద తూర్పు ముఖంగా కూర్చోబెట్టారు. పళ్లెంలో రేగుపళ్లు, చెరకు ముక్కలు, నానబెట్టిన శనగలు, బంతిపూల రేకులు, చిల్లర డబ్బులు. తల్లి ముందుగా దోసిలి నింపి పాప తల చుట్టూ మూడుసార్లు తిప్పి నెత్తి మీంచి పోసింది. తర్వాత నాయనమ్మ, మేనత్త, ఇరుగమ్మ, పొరుగమ్మ.. చుట్టూ చేరిన పిల్లలంతా నేల మీద దొర్లుతున్న నాణేల కోసం ఒకటే తోపులాట.

మర్నాడు సాయంత్రం బెంగళూరులో ఓ కన్నడిగుల ఇల్లు. అదే పీట, అదే పళ్లెం. అవే రేగుపళ్లు, చెరకు ముక్కలు, నాణేలు. వాళ్లు వాటిని ‘ఎలచి హణ్ణు’ అంటారు. పిల్లాడి తల మీంచి పోసి హారతి ఇస్తారు.

ఆ తర్వాత నాలుగు రోజులకు సోలాపూర్‌లో ఓ మరాఠీ ఇల్లు. పాపకు నల్లగౌను తొడిగారు. మెడలో, చేతులకు చక్కెర గుళికలతో చేసిన నగలు పెట్టారు. రేగుపళ్లు, చెరకు ముక్కలు, మరమరాలు, పచ్చిశనక్కాయలు కలిపి నెత్తి మీంచి పోశారు. దీని పేరు ‘బోర్ నహాణ్’. అంటే రేగుపళ్ల స్నానం. సంక్రాంతి నుంచి రథసప్తమి లోపల ఎప్పుడైనా చేసుకుంటారు. కోస్తా నుంచి ఆ ఊరికి కోడలుగా వెళ్లిన అమ్మాయికి ఈ వేడుకను ఎవరూ నేర్పనక్కర్లేదు. చూడగానే పళ్లెం అందుకుంటుంది.

మూడు ఊళ్లు.. మూడు భాషలు.. ఒకటే పండు! సరిహద్దు అవతల తరతరాలుగా ఉంటున్న మన తెలుగువాళ్లకు సంక్రాంతి అంటే ఇదే. పక్కింటి పండగ మన పండగలాగే ఉంటుంది. మన పండగ పక్కింటిదానిలాగే ఉంటుంది. ఇందులో సంతోషమూ ఉంది, ఓ చిన్న బెంగా ఉంది. ఆచారం ఎక్కడికీ పోదు. దాని తెలుగు పేరే మెల్లగా పక్కింటి పేరులో కలిసిపోతోంది.

రేగుపళ్లే ఎందుకు?

ఈ కాలంలో ఊరి చివర డొంకల్లో, చేల గట్ల మీద విరగకాసేది రేగుచెట్టే. ఎవరూ నీరు పెట్టరు, ఎరువు వేయరు. అయినా పుష్యమాసం వచ్చేసరికి ఎర్రబడి రాలుతుంది. డబ్బున్నవాడికీ, లేనివాడికీ సమానంగా దొరికే పండు అది. దానికి సంస్కృతంలో బదరీఫలమని పేరు. సూర్యుడికి ఇష్టమైనది కాబట్టి అర్కఫలమని కూడా పెద్దలు చెబుతారు. బదరికావనంలో తపస్సు చేసుకుంటున్న నరనారాయణుల మీద దేవతలు ఈ పళ్లు కురిపించారని ఓ కథ. ఆ గుర్తుగానే పిల్లల్ని నారాయణుడిగా భావించి పోస్తామంటారు.

కథ ఎలా ఉన్నా ఇంట్లో అమ్మమ్మలు చెప్పే కారణం ఒకటే.. దిష్టి పోవాలని. మామూలుగా ఐదేళ్లలోపు పిల్లలకు పోస్తారు. కొన్ని ఇళ్లలో ఇంకాస్త పెద్దయ్యే దాకా పోస్తారు. దిష్టి తీసినవి కాబట్టి కింద పడిన పళ్లను చాలామంది తినరు. వచ్చిన పేరంటాళ్లకు శనగలు, పండు, తాంబూలం ఇచ్చి పంపుతారు.

ఒక మాట ఒప్పుకోవాలి. తెలుగువాళ్లందరి ఇళ్లలోనూ భోగిపళ్లు ఒకే తీరుగా లేవు. కోస్తాలో ఎక్కువ. తెలంగాణలో అంతకన్నా సంక్రాంతి నోములదే పెద్దపీట. అందుకే ఏ ప్రాంతం నుంచి వలస వెళ్లారో ఆ ప్రాంతం సంక్రాంతినే మనవాళ్లు మూటగట్టుకుని తీసుకెళ్లారు.

అందరికీ ఒకేరోజు

మన ఉగాది రోజు తమిళులకు కొత్త సంవత్సరం కాదు. ఒడియావాళ్లకూ కాదు. మనది చంద్రుణ్ని బట్టి లెక్క, వాళ్లది సూర్యుణ్ని బట్టి లెక్క. అందుకే హోసూరులో, బరంపురంలో మన ఉగాదినాడు మన గుమ్మానికే మామిడాకులుంటాయి. సంక్రాంతికి ఆ తేడా లేదు. సూర్యుడు మకరరాశిలో అడుగుపెట్టే రోజు కాబట్టి చాంద్రమానం పాటించే తెలుగు, కన్నడ, మరాఠీవాళ్లకూ.. సౌరమానం పాటించే తమిళ, ఒడియావాళ్లకూ అదే పండగ. తమిళులకు ఆ రోజుతోనే ‘తై’ నెల మొదలవుతుంది. తై పుడితే దారి పుడుతుందని వాళ్ల సామెత.

ఇంగ్లిష్ తేదీ మాత్రం కదులుతూ ఉంటుంది. స్వామి వివేకానంద పుట్టింది 1863 జనవరి 12న. ఆ రోజు మకర సంక్రాంతి! ఇప్పుడేమో జనవరి 14నో, 15నో వస్తోంది. పంచాంగం వాడే సంవత్సరం ఇంగ్లిష్ క్యాలెండరు సంవత్సరం కన్నా సుమారు ఇరవై నిమిషాలు పెద్దది. ఆ ఇరవై నిమిషాలు పోగై దాదాపు 72 ఏళ్లకు ఒకరోజు జరుగుతుంది. మన ముత్తాతల సంక్రాంతికీ, మన సంక్రాంతికీ తేదీ కలవకపోవడానికి కారణం ఇదే.

గీత జరిగింది.. ఇల్లు జరగలేదు

సరిహద్దు తెలుగువాళ్లలో చాలామంది ఎక్కడికీ వలస వెళ్లలేదు. వాళ్లున్న చోటే రాష్ట్రం మారింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు రాష్ట్రంలోని గంజాం, కొరాపుట్ ప్రాంతాలు అటు వెళ్లాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రోజే బళ్లారి మైసూరులో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు ఉండిపోయాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. హోసూరు మొదట్లో సేలం జిల్లా, 1965 నుంచి ధర్మపురి జిల్లా, 2004 నుంచి కృష్ణగిరి జిల్లా. బోర్డులు మారాయి. వాకిట్లో ముగ్గు మారలేదు.

కోలం కాదే.. ముగ్గు!

ధనుర్మాసం తెల్లవారుజాము. హోసూరు దగ్గర ఏ తెలుగు పల్లెలోనైనా ఇలాంటి మాటలు వినపడతాయి.

“అవ్వా.. కోలం నడుమ పూవు పెట్టేదా?”

“పెట్టమ్మా. అయితే కోలం కాదే, ముగ్గు. పూవు గుచ్చేది పేడముద్ద కాదు, గొబ్బెమ్మ.”

మనవరాలిది తప్పేమీ కాదు. పక్కింటి వాకిట్లోనూ అదే ఉంటుంది. మార్గళి నెలంతా తమిళ ఆడపడుచులు కోలం మధ్య పేడముద్ద పెట్టి గుమ్మడిపూవు గుచ్చుతారు. మనవాళ్లు కూడా ఆ పూవే గుచ్చుతారు. దొరక్కపోతే బంతిపూవు పెడతారు. పసుపు, కుంకుమ చల్లి చుట్టూ తిరుగుతూ గొబ్బిపాటలు పాడతారు. వాడిన గొబ్బెమ్మల్ని గోడకు కొట్టి పిడకలు చేసేదీ, ఆ పిడకల్ని దండగుచ్చి భోగిమంటలో వేసేదీ మన దగ్గర పిల్లల పని. నెల పొడుగునా వాకిట్లో పూసిన పూవు చివరికి భోగిమంటలో వెలుగుతుంది.

పొంగలి సంగతీ అంతే. కొత్తకుండ మెడకు పసుపుకొమ్మున్న మొక్క కట్టి ఎండలో పొయ్యి పెట్టి పాలు పొంగగానే ‘పొంగలో పొంగల్’ అని కేక వేయడం తమిళుల పద్ధతి. కొత్తబియ్యం, కొత్తబెల్లం, పాలు పోసి పొంగలి వండి సూర్యుడికి చూపించడం మన పద్ధతి. రెండు పొయ్యిల్నీ పక్కపక్కన పెడితే ఏ కుండ ఎవరిదో చెప్పడం కష్టం.

కనుమ నాడు కాకి కూడా కదలదని మన సామెత. ఆ రోజు ప్రయాణం పెట్టుకోకూడదని, మినుము కొరకాలని పెద్దలంటారు. అందుకే గారెలు. అదే ఉదయం తమిళ ఆడవాళ్లు పసుపాకుల మీద రంగురంగుల అన్నపు ముద్దలు పెట్టి కాకుల్ని పిలుస్తారు. అన్నదమ్ములు చల్లగా ఉండాలని చేసే ఆ వేడుక పేరు ‘కను’. మన సామెతలో కాకి.. వాళ్ల వాకిట్లోనూ కాకే!

ఇక గంగిరెద్దు. తమిళనాట దాన్ని ‘బూమ్ బూమ్ మాడు’ అంటారు. ఆడించేవాళ్లు వీధిలో తమిళంలో దీవిస్తారు. ఇంటికెళ్తే మాట్లాడుకునేది తెలుగు! తమిళనాడులో ఈ వృత్తి చేసే వాళ్ల ఇంటిభాష తెలుగే. చెన్నై వీధిలో డోలు మోగిస్తూ వచ్చే ఎద్దు వెనక మన మాట ఒకటి నడుస్తోందన్నమాట.

పశువుల పండగ.. మంటల దారి

కృష్ణగిరి, వేలూరు వైపు సంక్రాంతి రోజుల నుంచి ‘ఎరుదు విడుం విళా’ మొదలవుతుంది. అలంకరించిన ఎద్దుల్ని జనం మధ్య నుంచి పరుగు తీయిస్తారు. చిత్తూరు వైపు దీన్నే పశువుల పండగ అంటారు. చంద్రగిరి దగ్గర రంగంపేటలో కనుమనాడు ఎద్దుల కొమ్ములకు చెక్కపలకలు కట్టి వదులుతారు. వాటిని దక్కించుకోవడం కుర్రకారు పందెం. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును నిషేధించింది. 2017లో తమిళనాడు చట్టం సవరించుకుంది. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణను సమర్థించింది. ఇన్ని మలుపుల తర్వాత కూడా మనుషులకు, పశువులకు దెబ్బ తగలకుండా చూసుకోవాల్సిన బాధ్యత ఊరిదే.

పండగలో పరుగు ఒక్కటే కాదు, వైద్యమూ ఉంది. చిత్తూరు పల్లెల్లో ‘ఉప్పుచెక్క’ అని ఒకటుంది. నల్లేరు, మద్దిచెక్క, నేరేడుచెక్క, మారేడుచెక్క లాంటివి అడవి నుంచి తెచ్చి ఉప్పు వేసి దంచి కనుమ ఉదయం పశువులకు తినిపిస్తారు. ఏడాదికోసారి వేసే మందన్నమాట. తర్వాత పశువుల్ని కడిగి కొమ్ములకు రంగులు పూసి పొంగలి పెట్టి ఆ పొలిని పొలమంతా చల్లుతారు. సాయంత్రం ఊరి బయట ‘చిట్లాకుప్ప’కు నిప్పు పెట్టి పశువుల్ని ఆ మంట దగ్గరికి తోలుకొస్తారు. పశువుల దేవుడైన కాటమరాజుకు మొక్కుకుంటారు.

గీత దాటి కర్ణాటకలోకి వెళ్లండి. సంక్రాంతి సాయంత్రం దక్షిణ కర్ణాటక పల్లెల్లో దారికి అడ్డంగా గడ్డి పరిచి నిప్పంటిస్తారు. అలంకరించిన ఎడ్లను, ఆవుల్ని ఆ మంట మీంచి దూకిస్తారు. దాన్ని ‘కిచ్చు హాయిసోదు’ అంటారు. కిచ్చు అంటే నిప్పు. మన ‘చిచ్చు’ దానికి తోబుట్టువే!

నువ్వులు తిని.. మంచి మాటాడండి

కర్ణాటక సంక్రాంతికి పెద్ద గుర్తు ‘ఎళ్ళు బెల్ల’. నువ్వులు, బెల్లం ముక్కలు, ఎండుకొబ్బరి, వేరుశనగలు, పుట్నాలు కలిపి చెరకు గడ, చక్కెర అచ్చులతో పళ్లెంలో పెట్టుకుని ఆడపిల్లలు ఇంటింటికీ పంచుతారు. అది తిని మంచి మాట మాట్లాడమంటారు. మహారాష్ట్రలోనూ అదే మాట. ‘తిళ్‌గుళ్ ఘ్యా, గోడ్ గోడ్ బోలా’ అంటూ నువ్వుండ చేతిలో పెడతారు. నువ్వులు తీసుకో, తియ్యగా మాట్లాడు అని. మనవాళ్లు అదే నువ్వును అరిసె మీద అద్దుతారు. చలికాలంలో ఒంటికి నూనె, వేడి కావాలి. అప్పుడే ఇంటికొచ్చిన పంట నువ్వులు, బెల్లం. అవసరమూ, పంటా కలిసి పిండివంట అయింది.

కోలారు, ముళబాగిలు, బాగేపల్లి, పావగడ, బళ్లారి ఇళ్లలో ఇప్పుడు రెండూ ఉంటాయి. పొద్దున పొంగలి, సాయంత్రం ఎళ్ళు బెల్ల. మనవాళ్లు పక్కింటి పళ్లెం వద్దనలేదు. అది మంచిదే. తియ్యగా మాట్లాడమని కన్నడిగులు, మరాఠీలు చెబుతూనే ఉన్నారు. ఆ తియ్యటి మాటల్లో కొన్ని తెలుగులోనూ ఉంటే చాలు.

సోలాపూర్‌లో నాలుగు భాషల జాతర

సోలాపూర్ మరాఠీ, కన్నడ, తెలుగు, ఉర్దూ కలిసి వినిపించే ఊరు. తెలంగాణ పల్లెల నుంచి మగ్గాలు వెంటబెట్టుకుని వెళ్లిన పద్మశాలీలు అక్కడ తరాలుగా ఉన్నారు. ఆ ఊరి సంక్రాంతి అంటే సిద్ధేశ్వర యాత్రే. 12వ శతాబ్దపు శరణుడు, కన్నడ వచనాలు రాసిన సిద్ధరామేశ్వరుడి జాతర ఇది. ఆయన్ని పెళ్లాడతానన్న కుమ్మరి కన్యకు తన యోగదండాన్ని ఇచ్చి పెళ్లి జరిపించారని కథ. ఏటా ఆ పెళ్లినే మళ్లీ చేస్తారు. భోగినాడు ఊరి చుట్టూ ఉన్న 68 లింగాలకు నూనె రాస్తారు. సంక్రాంతినాడు అక్షతలు. మర్నాడు హోమం. ఆకాశాన్నంటే నందిధ్వజాలు ఊరేగింపులో వస్తుంటే తెల్లటి బారాబందీ అంగీల జనం వీధి పట్టదు.

గమ్మత్తు ఏమిటంటే లింగాలకు నూనె రాసే ఆ వేడుకను మరాఠీవాళ్లు కూడా ‘యణ్ణిమజ్జన్’ అనే అంటారు. ఎణ్ణె అంటే కన్నడంలో నూనె. రాష్ట్రం మహారాష్ట్ర అయినా వేడుక పేరు కన్నడమే. పండగ గట్టిగా పట్టుకుంటే పేరు పోదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

తెలంగాణ ఇళ్లలో సంక్రాంతికి సకినాలు చుడతారు. నోముకుని పదమూడు మంది ముత్తయిదువలకు ఒకే రకం వస్తువు పంచుతారు. మరాఠీ ఇళ్లలో హళదీకుంకుమకు పిలిచి చేతిలో ఓ వస్తువు పెడతారు. దాన్ని ‘వాణ్’ అంటారు. నోము వస్తువూ, వాణ్ వస్తువూ ఒకే అల్మరాలో చేరే ఇళ్లు ఇవి.

మకరచౌళ పక్కన అరిసె

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు సంక్రాంతి రుచి ‘మకరచౌళ’. కొత్తబియ్యాన్ని వండరు. నానబెట్టి అరటిపండు, కొబ్బరి, బెల్లం, నువ్వులు, పాలు, ఛెనా కలిపి దేవుడికి పెడతారు. అది తినిపించుకుని ఇద్దరు స్నేహం కట్టుకునే ఆచారం కూడా ఒడిశాలో ఉంది. ఆ తర్వాత ఒకరినొకరు పేరుతో కాదు, ‘మకర్’ అనే పిలుచుకుంటారు. భాష అడ్డురాని చుట్టరికం అది.

ఇటు మన ఇంట్లో అరిసెలు. తడిబియ్యం పిండి, బెల్లం పాకం, పైన నువ్వులు. నూనెలోంచి తీసి రెండు చెక్కల మధ్య నొక్కాలి. ఒకరు పాకం చూస్తే ఇంకొకరు ఒత్తాలి, మరొకరు నొక్కాలి. ఒంటరిగా అయ్యే పని కాదు. ఒడియావాళ్లు దీన్ని ‘అరిసా పిఠా’ అంటారు. పేరు కూడా దాదాపు మనదే. తమిళుల అదిరసం, కన్నడిగుల కజ్జాయ, మరాఠీల అనారసే కూడా ఈ కుటుంబమే. కాకపోతే వాళ్లలో ఎక్కువమంది దీపావళికి చేసుకుంటారు.

యానాం.. కాగితం మీద పొంగల్

యానాంది ఇంకో కథ. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడి. ఇప్పుడు పుదుచ్చేరిలో ఓ జిల్లా. విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లే. చుట్టూ గోదావరి జిల్లాలు. సెలవుల పట్టికలో ‘పొంగల్’ అని ఉంటుంది. వీధిలో మాత్రం అచ్చమైన గోదావరి సంక్రాంతి. భోగిమంటలు, హరిదాసు అక్షయపాత్ర, బొమ్మల కొలువు, కనుమనాటి రథం ముగ్గు. మైసూరులో, తమిళనాట బొమ్మల్ని దసరాకు పేరుస్తారు. ఇక్కడ సంక్రాంతికి పేరుస్తారు. నది దాటితే కోనసీమ. జగ్గన్నతోటలో కనుమనాటి ప్రభల తీర్థానికి ఏకాదశ రుద్రులు ప్రభలెక్కి చేలకడ్డంపడి వస్తారు. కాగితం మీద పేరు ఏదైనా ఇంట్లో మాట గట్టిగా ఉంటే పండగ చెక్కుచెదరదని యానాం చూపిస్తోంది.

ఒకటే వస్తువు.. ఎన్ని పేర్లో!

* రేగుపండు: తమిళంలో ఇలందై, కన్నడంలో ఎలచి, మరాఠీలో బోర్, ఒడియాలో బరకోళి
* నువ్వులు: తమిళంలో ఎళ్, కన్నడంలో ఎళ్ళు, మరాఠీలో తీళ్, ఒడియాలో రాశి
* బెల్లం: తమిళంలో వెల్లం, కన్నడంలో బెల్ల, మరాఠీలో గూళ్, ఒడియాలో గుడ
* చెరకు: తమిళంలో కరుంబు, కన్నడంలో కబ్బు, మరాఠీలో ఊస్, ఒడియాలో ఆఖు
* ముగ్గు: తమిళంలో కోలం, కన్నడ, మరాఠీల్లో రంగోలి, ఒడియాలో ఝోటి

పోతున్నదేమిటి?

పండగ పోతుందన్న భయం అక్కర్లేదు. పిడకల దండలు దుకాణాల్లో దొరుకుతున్నాయి. అరిసెలు కాటా వేసి అమ్ముతున్నారు. రేగుపళ్లు తోపుడుబండి మీదికొస్తున్నాయి. చేను లేని ఇంట్లోనూ సంక్రాంతి జరుగుతుంది. హోసూరులో సిప్‌కాట్ పారిశ్రామికవాడలు వచ్చాక ఎన్నో ఇళ్లకు పంట లేదు, పండగ ఉంది.

పోయేది మాట. పిడకను కొంటే దొరుకుతుంది గానీ గొబ్బెమ్మ, పొలి, చిట్లాకుప్ప, ఉప్పుచెక్క అన్న మాటలు ఏ దుకాణంలోనూ దొరకవు. అవి నోటి నుంచి చెవికి వెళ్లాల్సిందే. ఇదివరకు బడి కొంత సాయం చేసేది. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతికి తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. తెలుగు మాధ్యమం పిల్లల విషయం కోర్టుల దాకా వెళ్లింది. ఉన్న రాష్ట్రం భాష నేర్చుకోవడంలో తప్పు లేదు, నేర్చుకోవాలి కూడా. కానీ బడిలో తెలుగు తగ్గిన ఇంటికి పండగే బడి. ఆ నాలుగు రోజులూ అవ్వా, అమ్మమ్మా పంతులమ్మలు.

పైగా ఈ మాటలు పుస్తకాల్లో వెతికితే అన్నీ దొరకవు. చిత్తూరు పక్కన ఒకటి, పర్లాకిమిడిలో ఒకటి, సిరొంచలో ఒకటి ఉంటాయి. ఒక ముసలమ్మతో పాటు ఒక మాట పోతే దాన్ని మళ్లీ పుట్టించలేం.

ఖర్చు లేని పని ఒకటుంది. ఈసారి భోగిపళ్లు పోసేటప్పుడు పళ్లెంలోని ఒక్కోదాన్నీ పాప చేతికిచ్చి పేరు చెప్పండి. ఇది రేగుపండు, ఇది చెరకు, ఇది శనగ, ఇది బంతిరేకు. ముగ్గేసేటప్పుడు చుక్కలెన్నో, అది ఏ ముగ్గో చెప్పండి. కనుమనాడు ఆవు మెడలో దండ వేయించి ఇంట్లో పిలిచే పేరుతోనే పిలిపించండి. పెద్దవాళ్లు చెప్పే మాటల్ని ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. తర్వాత పక్కింటి పిల్లల్నీ పిలిచి వాళ్ల పేర్లేమిటో అడగండి. ఒక పండుకు ఐదు పేర్లు తెలిసిన పిల్లలు సరిహద్దు ఊళ్లలోనే ఉంటారు. ఆ ఐదింట్లో తెలుగు పేరు ఉండేలా చూడటమే మన పని.

రేగుపళ్లు కింద పడితే ఏరుకోవడానికి పిల్లలున్నారు. మాటలు జారకుండా పట్టుకోవాల్సింది పెద్దవాళ్లమే.